చుట్టూ ఎంత, అడ్డం ఎంత

ఆ సోమవారం ఉదయం లెక్కల మేష్టారు త్రినాధరావు స్కూలుకు బయలుదేరినప్పుడు ఆయన చేతిలో పుస్తకం లేదు, బెత్తం లేదు. చంకలో పెద్ద పురికొస ఉండ ఒకటి ఉంది. ఇంటి యజమానురాలు అప్పలకొండమ్మ వాకిట్లో పేడనీళ్లు చల్లుతూ దాన్ని ఎగాదిగా చూసింది.

"ఏటి బాబూ అది? ఇస్కూల్లో పొట్లాలు కట్టడం నేర్పుతారేటి?"

"లేదమ్మా, లెక్కలకి."

"లెక్కలకి తాడా?" అని ఆవిడ నీళ్లు చల్లడం ఆపింది. "మా కాలంలో బెత్తంతో సెప్పీవోరు."

త్రినాధరావు నవ్వి, ఆవిడ రోజూ గడప పక్కన పెట్టే మజ్జిగ చెంబు ఎత్తి తాగి, వీధిలోకి దిగాడు. మాఘమాసం. అనకాపల్లి చుట్టుపక్కల గానుగలన్నీ తిరుగుతున్నాయి, మంచమంత పెనాల్లో బెల్లం ఉడుకుతోంది. ఊరంతా పాకం వాసన. ఆ వాసన పీలుస్తూ నడుస్తుంటే ఎలాంటివాడికైనా ఆ రోజు ఏదో మంచి జరుగుతుందనిపిస్తుంది. ఆయనకూ అలాగే అనిపించింది.

గురువారం నాడు స్కూళ్ల ఇన్‌స్పెక్టరు వస్తున్నారు. త్రినాధరావు ఉద్యోగం ఏడాదిగా తాత్కాలికంగానే నడుస్తోంది. ఇన్‌స్పెక్టరు ఆయన పాఠం చూసి బాగుందని రాస్తే ఖాయమవుతుంది, రాయకపోతే వేసవి సెలవులతోపాటు ఉద్యోగానికీ సెలవు. ఈ మాట హెడ్మాస్టరు బంగారయ్యగారు నోటితో చెప్పి ఊరుకోలేదు. కాగితం మీద రాసి, ప్యూను చేత పంపించి, అందినట్టు సంతకం కూడా తీసుకున్నారు.

త్రినాధరావు నెమ్మదస్తుడు. ఎవరినీ గట్టిగా ఒక మాట అనేవాడు కాదు. కాని ఒక్క విషయంలో మాత్రం ఆయనకు ఒళ్లు మండేది. మూడో ఫారంలో ఉన్న నలభై మంది పిల్లలూ వృత్తం సూత్రాన్ని నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పగలరు. వ్యాసాన్ని ఇరవై రెండుతో గుణించి ఏడుతో భాగించాలి. చేరిన కొత్తలో ఆయన, "ఆ ఇరవై రెండూ ఏడూ ఎక్కణ్ణించి వచ్చాయర్రా?" అని అడిగితే ఒకడు లేచి, "పద్నాలుగో పేజీ నుంచి సార్," అన్నాడు. మిగిలినవాళ్లు అవునన్నట్టు తలలూపారు. రాజమండ్రిలో ట్రైనింగు చదివి వచ్చిన మనిషి, పిల్లలు ఏదైనా తమంతట తాము కనుక్కుంటేనే అది చదువు అని నమ్మిన మనిషి, ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు.

స్కూలు గేటు దగ్గర బంగారయ్యగారు ఎదురయ్యారు.

"ఏమండీ, ఆ తాడు దేనికండీ?"

"వృత్తం పాఠానికండి. పిల్లలు గుండ్రటి వస్తువుల్ని చుట్టూ, అడ్డం కొలుచుకొస్తారు. రెంటికీ ఉన్న సంబంధం వాళ్లే కనుక్కుంటారు."

"దాన్ని ఎవరో ఎప్పుడో కనుక్కున్నారు కదండీ. మళ్లీ వీళ్లు కనుక్కోవడం దేనికి? మనకి టైమ్‌టేబిల్ ఉంది."

"కనుక్కుంటే మరిచిపోరండి."

"పదిసార్లు వల్లె వేసినా మరిచిపోరు."

"వల్లె వేస్తే అర్థం కాదు కదండీ."

"అర్థానికి మార్కులు లేవండి," అని బంగారయ్యగారు గడియారం చూసుకుని వెళ్లిపోయారు.

ఆ మాట త్రినాధరావుకు ములుకులా గుచ్చుకుంది. ఆ ఊపులోనే క్లాసులోకి వెళ్లి, పురికొస ముక్కలు కోసి తలా ఒకటి పంచాడు. "ఈ సాయంత్రం మీ ఇళ్లల్లో, వీధుల్లో గుండ్రంగా కనిపించిన ప్రతిదాన్నీ చుట్టూ కొలవండి. రేపు సాయంత్రం వాటినే అడ్డంగా కొలవండి. పుస్తకంలో రెండు గళ్లు గీసుకోండి. ఒక్క గడీ ఖాళీగా ఉండకూడదు. బుధవారం పట్టుకురండి," అన్నాడు. రెండు కొలతలూ ఒకే రోజు చేతికొస్తే చురుకైనవాడెవడో సంగతి పసిగట్టి మిగతావాళ్ల చెవిలో ఊదేస్తాడని ఆయన భయం.

జోగి అనే కుర్రాడు లేచాడు. కమ్మరి పరదేశి కొడుకు. "ఇది దేనికండీ మేష్టారూ?"

"చెప్పను. దేనికో మీరే కనుక్కోవాలి. ఎవరడిగినా నేను చెప్పను."

పిల్లలు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. ప్రశ్న అడిగితే చెప్పనన్న మేష్టారిని వాళ్లు ఎరుగుదురు. కాని నవ్వుతూ చెప్పనన్న మేష్టారిని చూడటం అదే మొదలు.

పద్ధతి మంచిదే. అయితే అది యుద్ధకాలం. విశాఖ మీద బాంబులు పడి రెండేళ్లు కావస్తోంది. ఆ రెండేళ్లలో జనం ఒక సంగతి గమనించారు. ఊరికి ఏ కొత్త ఇబ్బంది వచ్చినా, దానికి ముందు ఎవరో ఒకరు చేత కాగితం పట్టుకుని వచ్చి ఏదో ఒకటి రాసుకుని వెళతారు. బియ్యానికీ అలాగే జరిగింది, కిరసనాయిలుకూ అలాగే జరిగింది. ఇప్పుడు నలభై మంది పిల్లలు చేతిలో తాళ్లూ పుస్తకాలూ పట్టుకుని ఊరి మీద పడ్డారు.

ఆ సాయంత్రం బండ్ల అడ్డాలో పోతురాజు అనే బండివాడు ఎద్దులకు చిట్టు పెడుతూ వెనక్కి తిరిగి చూస్తే, జోగి తన బండి చక్రం చుట్టూ తాడు వేస్తూ కనిపించాడు.

"ఏల్రా కొలుత్తన్నావు?"

"మేష్టారు కొలవమన్నారు మావా."

"ఏల?"

"సెప్పనన్నారు."

పోతురాజు చేతిలో తట్ట కింద పెట్టాడు. "సెప్పనన్నాడా? మరి ఆ పుస్తకంలో ఏటి రాత్తన్నావు?"

"నీ పేరూ, సెక్రం సుట్టుకొలతా. పద్నాలుగడుగుల ఎనిమిది అంగుళాలు. రేపొచ్చి అడ్డం కొలుత్తాను. ఒక్క గడీ కూడా కాళీ ఉండకూడదన్నారు."

జోగి పక్క బండి దగ్గరికి వెళ్లాడు. పోతురాజు తన చక్రానికున్న ఇనుప పట్టా మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాడు. అది కిందటేడే పరదేశి చేత వేయించిన కొత్త పట్టా.

మంగళవారం ఉదయం త్రినాధరావు గదిలోంచి బయటికి వచ్చేసరికి గడప పక్కన మజ్జిగ చెంబు లేదు. చెంబు అప్పలకొండమ్మ చేతిలోనే ఉంది.

"బాబూ," అంది ఆవిడ. "నా పెనం సుట్టూ పదారున్నర అడుగులని ఈ గుంట నిన్న రాసీసింది." గుంట అంటే ఆవిడ మనవరాలు గంగాభవాని. మూడో ఫారంలో ఉన్న ఇద్దరు ఆడపిల్లల్లో ఒకతె. "ఏడాదై నీకు అన్నం పెడతన్నాను. నా ఇంట్లో ఉండి నా బెల్లం పెనవే రాయించీసేవా?"

"అమ్మా, మీ పెనానికి ఏ ఢోకా లేదు. నన్ను నమ్మండి."

"నమ్ముతాను. కొలిసింది దేనికో సెప్పు."

త్రినాధరావు నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే స్తంభం వెనకనుంచి గంగాభవాని జడ కొస కనిపించింది. ఆ పిల్ల చెవులు రిక్కించి వింటోంది. ఇప్పుడు ఒక్క మాట చెబితే గంట తిరక్కుండా క్లాసంతటికీ తెలిసిపోతుంది. ఇక కనుక్కోవడానికి ఏమీ మిగలదు. గురువారం ఇన్‌స్పెక్టరు ముందు చూపించడానికీ ఏమీ ఉండదు.

"గురువారం నాడు మీకందరికీ తెలుస్తుందమ్మా," అన్నాడు.

"గురువారం ఏటవుద్ది?"

"ఆఫీసరుగారు వస్తున్నారు."

త్రినాధరావుకు అబద్ధమాడటం చేతకాదు. ఆ ఒక్క పూట చేతనైనా ఊరికి మేలు జరిగేది. అప్పలకొండమ్మ మొహం ఎర్రబడింది. చెంబు ఠంగుమని గడప మీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది. ఎంత కోపంగా పెట్టినా మజ్జిగలో ఉప్పు వేయడం మాత్రం మరిచిపోలేదు. ఆయన అది గమనించి తల వంచుకుని తాగాడు.

మధ్యాహ్నానికల్లా సంగతి బెల్లం మార్కెట్టు దాటింది. గురువారం రైలుకి ఆఫీసరు దిగుతున్నాడు. పెనాలూ బండి పట్టాలూ పట్టుకెళ్లి కరిగించి తుపాకులు పోస్తారు. వెడల్పు ఎక్కువున్నవి ముందు తీసుకుంటారు, అందుకే అడ్డం కొలతలు రాస్తున్నారు. ఇదంతా ఎవరన్నారంటే ఎవరికీ తెలియదు. కాని మేష్టారు కాదనలేదు కదా. అడిగితే గురువారం తెలుస్తుందన్నాడు కదా.

ఊరి కోపం అంతా ఇంతా కాదు. పన్నెండు నెలలు పెంచిన చెరుకు, పదిహేను రోజుల్లో వండుకోకపోతే ఎండిపోయే చెరుకు, ఇప్పుడు పెనాలు పట్టుకుపోతారా? సాయంత్రమయ్యేసరికి ఒక్కొక్క గానుగ దగ్గరా పొయ్యి మీంచి పెనం దిగింది. పెద్ద పెద్ద పెనాలు చెరుకు పిప్పి కుప్పల కిందికి వెళ్లిపోయాయి. పిండిన రసం కుండల్లో పులవడం మొదలైంది. బండ్ల అడ్డాలో బండ్లన్నీ చక్రాలు ఊడదీసి రాళ్ల మీద కూర్చున్నాయి, కాళ్లు ముడుచుకుని కూర్చున్న మనుషుల్లాగా.

పిల్లలకు ఇవేవీ పట్టలేదు. వాళ్లకు రెండో గడి నింపాలి. జోగి మళ్లీ అడ్డాకు వచ్చాడు.

"మావా, సెక్రం ఏదీ?"

"ఏ సెక్రం?"

"నిన్న కొలిసేను గదా."

"అరిగిపోయింది."

"రెండూనా?"

"రెండూ ఒకేపాలి అరిగిపోయేయి."

జోగి పెన్సిలు చెవి మీంచి తీశాడు. "మరి అడ్డం ఎంతని రాసుకోను? గడీ కాళీగా ఉంటే మేష్టారు ఊరుకోరు."

పోతురాజు అటూ ఇటూ చూసి, "మూడడుగులని రాసుకో. శానా సిన్న సెక్రం పాపం," అన్నాడు.

అప్పలకొండమ్మ ఇంట్లోనూ అదే వరస. పెనం ఏమైందని గంగాభవాని అడిగితే, "నీకేల? అడ్డం మూడడుగులని రాసుకో," అంది మామ్మ.

"మూడడుగులేటి మామ్మా? ఆ పెనంలో నేను కాళ్లు చాపుకుని పడుకునేదాన్ని గదా."

"అప్పుడు నువ్వు పొట్టిదానివి."

గంగాభవాని మూడు అని రాసుకుంది. కాని రాసేటప్పుడు పెన్సిలు ఒకసారి ఆగింది.

బుధవారం క్లాసులో త్రినాధరావు పిల్లల కొలతలన్నీ బోర్డు మీద వేయించాడు. చుట్టుకొలతలో అడ్డం ఎన్నిసార్లు పోతుందో పక్కనే రాయమన్నాడు. కంచాలు, కుండలు, జల్లెడ, తిరగలి, నూతి ఒర, అన్నిటికీ మూడు పైచిలుకు వచ్చింది. ఆయన ముఖం వెలిగింది. తరవాత బండి చక్రాలు, పెనాలు మొదలయ్యాయి. అయిదు పైచిలుకు. నాలుగున్నర. అయిదున్నర. ఒకటి ఆరు. ఒకటైతే ఏకంగా తొమ్మిది. తొమ్మిది వచ్చిన చక్రం లోకంలో ఎక్కడా దొర్లదు.

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. మూడు రోజులు నోరు కట్టుకుని, ఇంటావిడ చేత మాట పడి, ఊళ్లో నలుగురూ మొహం తిప్పుకుంటుంటే సహించి తెచ్చిన పాఠం ఇలా అఘోరించింది. ఏ చదువూ లేని జనం మీద కోపం వచ్చింది. అన్ని చదువులూ చదివిన తన మీద అంతకంటే ఎక్కువ కోపం వచ్చింది.

కిటికీలోంచి బంగారయ్యగారి తల కనిపించింది. "కనుక్కున్నారా అండీ?"

త్రినాధరావు బోర్డు మీది తొమ్మిది వైపు చూశాడు.

"పోనీండి. ఇప్పుడైనా సూత్రం బోర్డు మీద రాసి పదిసార్లు వల్లె వేయించండి. ఈ తొమ్మిదీ ఆరూ నేను చూడలేదనుకుంటాను," అని ఆయన వెళ్లిపోయారు. నిజానికి అది ఆయన చేసిన ఉపకారమే. ఉపకారం కాబట్టే మరీ బాధ కలిగింది.

త్రినాధరావు సుద్దముక్క తీసుకుని బోర్డు దగ్గరికి నడిచాడు. చెయ్యి ఎత్తాడు.

"సార్, ఆగండి," అంది గంగాభవాని.

ఆయన చెయ్యి అలాగే ఉండిపోయింది.

"మేం చేత్తో కొలిచినవన్నీ మూడు పైచిలుకేనండి. పెద్దవాళ్లు నోటితో చెబితే రాసుకున్నవే ఒక్కొక్కటీ ఒక్కోలా ఉన్నాయి."

"అయితే?"

"అయితే మా మామ్మ అబద్ధం చెప్పిందండి."

 నలభై నోళ్లూ ఒకేసారి విచ్చుకున్నాయి. మా నాన్న కూడా, మా మేనమామ కూడా, పోతురాజు మావ కూడా. త్రినాధరావు సుద్దముక్క జేబులో వేసుకున్నాడు. "ఆ పైచిలుకు ఎంతో తేల్చండి," అని మాత్రం అన్నాడు. జోగి వాళ్లింటి ఇత్తడి కంచం అడ్డం పద్నాలుగు అంగుళాలు, చుట్టూ నలభై నాలుగు. పద్నాలుగు మూళ్లు నలభై రెండు పోతే రెండు మిగిలింది. ఆ రెండూ పద్నాలుగులో ఎన్నో వంతని గంటసేపు కొట్టుకున్నారు. మిగతా కంచాలతో, కుండలతో సరిచూసుకున్నారు. చివరికి ఏడో వంతని తేల్చారు. పద్నాలుగో పేజీ ఎవరూ తియ్యలేదు.

అక్కడితో ఆగితే బాగుండేది. నిజం చేతికి చిక్కిన పిల్లలు ఊరుకుంటారా? ఆ సాయంత్రమే జోగి అడ్డాకు వెళ్లి అందరి ఎదటా అన్నాడు: "మావా, నీ సెక్రం అడ్డం మూడడుగులు కాదు. నాలుగడుగుల ఎనిమిది అంగుళాలు."

పోతురాజు చప్పున గడ్డివాము వైపు చూశాడు. చక్రాలు గడ్డివాము అడుగున ఉన్నాయి. ఆ సంగతి పెళ్లానికి కూడా చెప్పలేదు. ప్రతి గానుగ దగ్గరా ఇదే తంతు. దాచిన పెనం వెడల్పును పిల్లలు అంగుళాలతో సహా చెప్పేసి వెళ్లిపోతున్నారు. భూమిలో పాతినా సర్కారువాళ్లకు కనిపించే ఉపాయమేదో మేష్టారు పిల్లలకు నేర్పాడని ఊరు బెదిరిపోయింది. అందరూ కలిసి పరదేశి కొలిమి దగ్గరికి పరిగెత్తారు. చక్రాలకు పట్టాలు వేసేవాడు కదా, వాడికే తెలియాలి.

పరదేశి తిత్తి ఊదుతూ అంతా విన్నాడు. "ఉపాయమూ లేదు, మంత్రమూ లేదు. పట్టా కోసేటప్పుడు నాను సేసే పనే. అడ్డాన్ని మూడుసార్లు ఏసి, ఆపైన ఏడో పాలు కలుపుతాను. మీరు సుట్టూ ఉన్నదున్నట్టు ఒగ్గీసి అడ్డం ఒక్కటే తగ్గించీసేరు. దొరికిపోరేటి?"

"మరెలగ సెప్పాలి మావా?"

"అడ్డం తగ్గిస్తే సుట్టూ కూడా తగ్గించాలి. అబద్ధవైనా సరిగ్గా ఆడాల."

పొద్దుగూకేవరకు ఊరు ఊరంతా కొలిమి చుట్టూ కూర్చుని సరిగ్గా అబద్ధమాడటం నేర్చుకుంది. బూడిదలో పుల్లలతో గీసుకుని, వేళ్ల కణుపులు లెక్కపెట్టుకుని, తప్పితే పక్కవాణ్ణి అడిగి దిద్దుకున్నారు. "ఏడుకి ఇరవై రెండు. మూడున్నరకి పదకొండు." అప్పలకొండమ్మ అందరికంటే ముందు నేర్చుకుని, రానివాళ్లను కసిరింది. బంగారయ్యగారి స్కూల్లో ఏనాడూ అంత శ్రద్ధగా లెక్కలు జరగలేదు.

గురువారం ఉదయం ఇన్‌స్పెక్టరుగారు రైలు దిగారు. స్టేషను బయట పదిహేను బండ్లున్నాయి, ఒక్కదానికీ చక్రాల్లేవు. ఆయన ఫైళ్ల కట్ట తానే ఎత్తుకుని ఎండలో నడవసాగారు. రాళ్ల మీద కూర్చున్న తన బండి మీంచి పోతురాజు ఇదంతా చూశాడు. తుపాకులు పోయడానికి వచ్చిన ఆఫీసరే అయినా, ముసలాయనకు మాడు మాడిపోతుంటే చూస్తూ కూర్చోలేకపోయాడు. తాటాకు గొడుగు తెచ్చి ఆయన నెత్తిన పట్టి, స్కూలుదాకా వెంట నడిచాడు.

ఇన్‌స్పెక్టరుగారు హెడ్మాస్టరు గదిలోకి వస్తూనే, "ఈ ఊళ్లో చక్రాన్ని ఇంకా కనిపెట్టలేదా అండీ?" అన్నారు.

"మా త్రినాధరావుగారి పద్ధతిలో అన్నీ పిల్లలే కనిపెట్టాలండి," అన్నారు బంగారయ్యగారు.

ఆఫీసరు కొలతలు అడిగితే చెప్పడానికి మూడో ఫారం కిటికీల్లో అప్పటికే ఊరు నిండిపోయింది. ఇన్‌స్పెక్టరుగారు చెమట తుడుచుకుని పిల్లల వైపు తిరిగి మొదటి ప్రశ్న వేశారు. "గుండ్రటి వస్తువు ఒకటి. అడ్డం ఏడడుగులు. చుట్టూ ఎంత?"

పిల్లలు చేతులు ఎత్తేలోపలే కిటికీల్లోంచి ముప్పై గొంతులు ఒక్కసారిగా, "ఇరవై రెండు బాబూ," అన్నాయి. అప్పలకొండమ్మ కలిపింది: "కాని అంత పెద్దవి మా ఊళ్లో ఎవరికాడా నేవు."

ఇన్‌స్పెక్టరుగారు నిర్ఘాంతపోయారు. "మూడున్నరైతే?"

"పదకొండు," అంది ఊరు.

ఆయన మెల్లగా త్రినాధరావు వైపు తిరిగారు. ఆ చూపులో మెచ్చుకోలు లేదు. "అన్నీ పిల్లలే కనిపెట్టే పద్ధతి అన్నారు మీ హెడ్మాస్టరుగారు. చూస్తే పిల్లలకే కాదు, ఊరంతటికీ వల్లె వేయించారే. నన్ను మోసం చేద్దామనుకున్నారా?"

 వల్లె వేయించనందుకు ఏడాదిగా మాటలు పడ్డ త్రినాధరావు, ఇప్పుడు వల్లె వేయించాడన్న నేరం మీద ఉద్యోగం పోగొట్టుకోబోతున్నాడు. ఇంతకంటే అన్యాయం ఉంటుందా? 

గంగాభవాని లేచింది. "మాకెవరూ చెప్పలేదండి. మేమే కొలిచి కనుక్కున్నాం."

"ఎన్ని కొలిచారు?"

"ఇరవై ఆరండి."

"ఇరవై ఆరు కొలిస్తే లోకంలో ఉన్న గుండ్రటివన్నీ ఇంతేనని ఎలా తెలిసింది? కొలవని దాని సంగతేమిటి?"

పిల్ల కిటికీ వైపు ఒకసారి చూసింది. "మా మామ్మ బెల్లం పెనం చుట్టూ పదహారున్నర అడుగులండి. అది నేను కొలిచాను. అడ్డం కొలవనివ్వలేదు. మూడడుగులని చెప్పింది. అది అబద్ధం. అడ్డం అయిదుంపావు ఉండాలి. పెనం స్కూలు వెనక మా గానుగ పాకలో పిప్పి కుప్ప కింద ఉంది. తవ్వించి చూడండి."

"ఓసి నీ అమ్మ కడుపు కాలా," అంది కిటికీలోంచి అప్పలకొండమ్మ.

ఇన్‌స్పెక్టరుగారు, వెనక త్రినాధరావు, ఆ వెనక బంగారయ్యగారు, నలభై మంది పిల్లలు, ఊరు, అందరూ పాకలోకి నడిచారు. పిప్పి తీశారు. నలుగురు పట్టి పెనాన్ని బయటికి లాగారు. ఇన్‌స్పెక్టరుగారు ఎవరినీ నమ్మలేదు. స్కూలు టేపు తెప్పించి, మోకాళ్ల మీద కూర్చుని, ఒక కొస పోతురాజు చేతికిచ్చి స్వయంగా కొలిచారు. టేపును రెండుసార్లు చూశారు. మూడోసారి కళ్లజోడు తుడుచుకుని చూశారు.

అయిదడుగుల మూడంగుళాలు.

ఆయన లేచి మోకాళ్లకు అంటిన పిప్పి దులుపుకోవడం కూడా మరిచి, గంగాభవాని వైపు తిరిగారు. తరవాత, "ముప్పై ఏళ్లుగా ఈ ప్రశ్న అడుగుతున్నానమ్మా. జవాబు కోసం ఎవరూ తవ్వించలేదు," అన్నారు.

"పెనం ఎప్పుడు ఒట్టుకెళ్తారు బాబూ?" అంది అప్పలకొండమ్మ నీరసంగా.

"నాకెందుకమ్మా పెనం? నేను స్కూళ్ల ఇన్‌స్పెక్టర్ని."

ఊరంతా త్రినాధరావు వైపు తిరిగింది. "మరి ఇదంతా దేనికి?" అన్నాడు పోతురాజు.

ఇక దాచవలసింది ఏమీ లేదు. "గుండ్రటిది ఏదైనా చుట్టుకొలత అడ్డానికి మూడింతలూ, ఆపైన ఏడో వంతూ ఉంటుందని పిల్లలు కనుక్కోవడానికి," అన్నాడు త్రినాధరావు.

పరదేశి ముందుకు వచ్చాడు. నిజంగా నొచ్చుకున్నాడు. "అదా? అది నన్నడిగితే నాను సెప్పీవోణ్ణి గదా."

"నన్ను కొలిమికాడికి ఎప్పుడు రానిచ్చేవు? సదువుకోమన్నావు గదా," అన్నాడు జోగి.

త్రినాధరావుకు మూడు రోజుల కోపం ఒక్కసారి పొంగింది. "ఒక్కరైనా నా దగ్గరికి వచ్చి అడిగారా? అడక్కుండా పెనాలు పాతేసుకుని, రసం పులియబెట్టుకుని..."

"అడిగేను బాబూ," అంది అప్పలకొండమ్మ. "నువ్వే సెప్పలేదు."

 ఆవిడ అంతటితో వదిలేసి, "పొద్దుట్నించీ ఏటీ తినలేదు. మొకం అలగైపోయింది. ఇస్కూల్లోకి ఎల్లేముందు అన్నం తిను," అని పెనం కడగడానికి నీళ్లు తెమ్మని కేకేసింది.

ఇన్‌స్పెక్టరుగారు హెడ్మాస్టరు గదిలో కూర్చుని త్రినాధరావు ఉద్యోగం ఖాయం చేస్తూ పేజీన్నర రాశారు. ఆయన రాసేలోపల పోతురాజు గడ్డివాములోంచి చక్రాలు తీసి, బండికి ఎక్కించి, స్కూలు గేటు ముందు నిలబెట్టాడు. బండి స్టేషను వైపు కదిలిపోయాక బంగారయ్యగారు ఆ పేజీన్నరను రెండుసార్లు చదివారు. ఊరంతా లెక్క చెప్పిందన్న చోట వేలు పెట్టి ఆగారు.

"త్రినాధరావుగారూ, తరవాతి పాఠం ఏమిటండీ?"

"పొలాల వైశాల్యం అండి."

బంగారయ్యగారు ఇంతకు ముందెన్నడూ ఎవరినీ బతిమాలలేదు. కుర్చీలోంచి లేచి, గొంతు తగ్గించి, "ఆ పాఠం మాత్రం మీరే చెప్పేయండి," అన్నారు.

త్రినాధరావు అప్పటికే పెద్ద తాడు కొనేశాడు.